పిట్టలు తోలేవాడి మౌనం

కుర్మయ్య కంటే ముందు అతని గొంతు నిద్రలేస్తుంది. మనిషి ఇంకా మంచం మీదే ఉంటాడు, కళ్ళు మూసుకునే ఉంటాయి, గొంతులో మాత్రం ఏదో కదులుతుంది, గంప కింద కోడి రెక్క విదిల్చినట్టు. పదిహేనేళ్ళుగా అతని కొలువు ఆ గొంతుతోనే. శంషాబాద్ విమానాశ్రయంలో రన్‌వే పక్క గడ్డిలో జీపెక్కి తిరుగుతూ పిట్టల్ని తోలడం. తీతువులు, కొంగలు, పావురాలు, గద్దలు. ఇంజన్లోకి ఒక్క పిట్ట పోయినా ప్రమాదమే. అందుకని పటాకులున్నాయి, పెద్ద చప్పుడు చేసే గ్యాసు గొట్టాలున్నాయి, జీపుకు సైరనుంది. ఇవేవీ పనిచేయని చోట కుర్మయ్య పనిచేస్తాడు.

"హో... హొ హొ హోయ్..."

ఆ కేక అక్కడ కొలువులో చేరాక నేర్చుకున్నది కాదు. ఆ నేల మీదే నేర్చుకున్నాడు, అప్పుడది జొన్నచేను. ఎనిమిదేళ్ళ వయసులో తండ్రి ఈశ్వరయ్య అతన్ని మంచె ఎక్కించి చేతికి వడిసెల ఇచ్చాడు. రాయి పెట్టి తిప్పబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"పిట్టను కొట్టద్దు బిడ్డా. ఇది మన చేను అని దానికి ఎరుక చెయ్యాలె. గంతే."

చేను కోసేటప్పుడు ఈశ్వరయ్య గట్టు పొంట ఒక సాలు కంకుల్ని ముట్టుకునేవాడు కాదు. అది పిట్టల సాలు. గింజ పాలు పట్టిన నాటి నుంచే వాటికి అలవాటు చేసేవాడు. కేక వేస్తే చేను మీద పరిచిన దుప్పటిని ఎవరో ఒక్క చేత్తో లాగినట్టు పిట్టలన్నీ లేచి, గాలిలో ఒకసారి మడతపడి, ఆ సాలు మీద వాలేవి. తర్వాత చేను పోయింది. మంచె పోయింది. ఈశ్వరయ్య పోయాడు. జొన్నలుండే చోట రాత్రిళ్ళు నీలం దీపాలు మొలిచాయి. కేక ఒక్కటి మిగిలింది, దానికి నౌకరి దొరికింది.

చిక్కేమిటంటే, ఆ కేక కొలువు దిగి ఇంటికి కూడా వచ్చేది. ఉప్పు అందియ్యమన్నా వాడకట్టంతా వినేది. అతనితో పాటు జీపు నడిపే మొయిజ్ ఆటపట్టించేవాడు, "అన్నా, నీకు వాకీటాకీ దేనికి? గట్లనే మాట్లాడు, కంట్రోల్ టవర్‌కు ఇనబడతది." కుర్మయ్య నవ్వేవాడు. భార్య అనంతమ్మ నవ్వేది కాదు. ఆమెది దూదిలాంటి గొంతు. పదిహేనేళ్ళుగా ఆ దూదిని చెవుల్లో పెట్టుకునే బతికింది.

ఈ ఎండాకాలం వాళ్ళ ఇంటి ముందు కరెంటు మీటరు డబ్బా వెనుక పిచ్చుకలు గూడు పెట్టాయి. అనంతమ్మ పక్కనే రెండు జొన్న కంకులు కట్టింది, మూకుడులో నీళ్ళు పెట్టింది. మూడు గుడ్లు. రోజూ మధ్యాహ్నం గడపలో కూర్చుని వాటినే చూసేది. ఒకనాడు కుర్మయ్య డ్యూటీ దిగి, చెవుల్లో ఇంకా సైరను మోగుతుండగానే గేటు తీశాడు. కంకుల మీది పిచ్చుకలు బుర్రున లేచాయి. అతని కంటే ముందు అతని గొంతు లేచింది. అరిచాడు. చేతిలో ఉన్న టిఫిన్ డబ్బాతో గేటును రెండుసార్లు బాదాడు. బాదాక గాని తెలియలేదు, తను రన్‌వే మీద లేడని.

పిచ్చుకలు తిరిగి రాలేదు. అనంతమ్మ మూడు రోజులు చూసింది. గుడ్లు చల్లబడ్డాయి. నాలుగోనాడు బట్టలు సర్దుకుంది.

"నీ కొలువు గేటుకాడ ఇడిసిపెట్టి రా అని ఎన్నిమాట్ల చెప్పిన?" అంది. "నోరు మూసుకునుడు ఎరుకైన నాడు కబురు పెట్టు. వస్త."

కందుకూరులో ఉన్న చెల్లెలు రేణుకమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. నెల దాటింది. కుర్మయ్య ఫోన్ చేసేవాడు. 'జర నెమ్మదిగ' అని తనకు తానే చెప్పుకుని మొదలుపెట్టేవాడు. మూడో మాటకే అది కేక అయ్యేది. అటువైపు ఆమె ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నట్టు తెలిసేది. తర్వాత కట్ అయ్యేది.

*

దారి చూపింది మొయిజే. తుక్కుగూడ దాటాక ఒక మామిడితోటలో మౌన శిబిరం అని బోర్డు చూశాడట.

"ఐదు దినాలు మాట్లాడొద్దంట అన్నా. తిండి వాళ్ళదే, పడుకునుడు వాళ్ళదే. పైసలు లేవు. అద్వైతం అంట."

"గదేంది?"

"నువ్వు నేను రెండు కాదంట, ఒకటేనంట."

"అయితే నా డ్యూటీ నువ్వు చెయ్యి."

"చేస్త. నా పెండ్లాం తిట్లు నువ్వు తిను."

నవ్వుకున్నారు గాని, ఆ రాత్రి కుర్మయ్య ఖాళీ ఇంట్లో అటూ ఇటూ తిరిగాడు. ఐదు రోజులు. ఐదు రోజులు నోరు మూసుకుని తిరిగొస్తే, కందుకూరుకు కబురు పెట్టొచ్చు. నమ్మకపోతే శిబిరం వాళ్ళే సాక్ష్యం. సెలవు అడిగాడు.

శిబిరం నడిపేది మాధవీలత గారు. కాలేజీలో పాఠం చెప్పి రిటైరైన మనిషి, గుంటూరు వైపు ఆమె. ఇరవైమంది దాకా వచ్చారు, ఎక్కువమంది హైదరాబాదు ఆఫీసుల వాళ్ళు. ఫోన్లు ఒక చెక్కపెట్టెలో పెట్టించుకుని ఆమె చెప్పింది.

"మాట వద్దు. సైగ వద్దు. రాత వద్దు. వంటవాళ్ళకు మాత్రం ఈ నియమం లేదు. ఎవరి మౌనమైనా తెగితే వారు అదే రోజు ఇంటికి వెళ్ళాలి. మిగతావారి కోసం ఈ పద్ధతి. నొచ్చుకోకండి."

కుర్మయ్య తలూపాడు. అది సైగ కిందికి వస్తుందేమోనని భయపడి తల ఆపేశాడు.

మొదటి రోజు మామిడి చెట్ల కింద చాపల మీద కూర్చోబెట్టారు. "చూసేవాడు, చూడబడేది రెండు కావు," అంది మాధవీలత. ఆమె గొంతు మజ్జిగలా పలచగా, చల్లగా ఉంది. "మధ్యలో గీత మనం గీసుకున్నదే."

కుర్మయ్యకు గీతలు తెలుసు. రన్‌వే మీద తెల్లగీత, ప్రహరీ మీద ముళ్ళతీగ, జీపు దాటకూడని పసుపుగీత. గీతలు లేకపోతే విమానం ఎక్కడ దిగుతుంది? అడగాలనిపించింది. అడగడానికి లేదు. ప్రశ్న గొంతులోంచి కిందికి దిగి కాళ్ళలోకి వచ్చింది. కుడికాలు ఊగడం మొదలుపెట్టింది. చేత్తో పట్టుకున్నాడు. ఎడమకాలు ఊగింది.

విమానాలు సరిగ్గా ఆ తోట మీదుగానే దిగుతున్నాయి. తూర్పు నుంచి వచ్చి, చక్రాలు దించుకుని, తల మీద మామిడాకులన్నీ ఒక్కసారి వణికేంత కిందుగా. ప్రతిసారీ చాపల మీదివాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు.

"శబ్దాన్ని తరమకండి," అంది ఆమె. "రానివ్వండి. పోనివ్వండి."

తరమకండి. పదిహేనేళ్ళలో ఆ మాట అతనికి ఎవరూ చెప్పలేదు. తరమకుండా ఉండటమంటే చేతుల్ని ఏం చెయ్యాలో తెలియలేదు. కళ్ళు మూసుకుంటే విమానం వచ్చే దిక్కు, దాని ఎత్తు, గాలి వాలు అన్నీ రెప్పల లోపల గీసినట్టు కనిపించేవి. ధ్యానం గంట మోగేసరికి అతను పదకొండు విమానాల్ని దింపి ఉన్నాడు.

*

రెండోరోజు మధ్యాహ్నం అతను గద్దల్ని చూశాడు.

వంటశాల వెనుక బయలు జాగా ఉంది. వంట చేసే రుక్కమ్మ మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, ఎంగిలి విస్తర్లు అక్కడి గుంటలో పారేస్తోంది. గుంట మీద మూత లేదు, మట్టి లేదు. కాకులు ముందొచ్చాయి. ఎలుకలు తిరిగాయి కాబోలు, ఎలుకల కోసం గద్దలు వచ్చాయి. నాలుగు. ఒకదాని మీద ఒకటి మెట్లు పేర్చినట్టు ఆకాశంలో తిరుగుతున్నాయి. సరిగ్గా విమానం దారిలో.

కుర్మయ్య నోరు తెరిచాడు. మూసుకున్నాడు.

విశ్రాంతి వేళ అందరూ చెట్ల కింద వాలిపోతే, అతను పార దొరకబుచ్చుకుని గుంట మీద మట్టి కప్పాడు. రుక్కమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"అయ్యో, నీకెందుకయ్యా ఈ కష్టం? సేవ చేస్తున్నవా? పుణ్యం వస్తది పో," అంది. ఆమె మాట్లాడొచ్చు. అతను మాట్లాడకూడదు. గద్దల వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, కళ్ళతోనే చెబుదామని. ఆమె రెండు చేతులూ జోడించి దండం పెట్టింది.

గద్దలు పోయాయి. ఆ రాత్రి కాస్త నిద్రపట్టింది. ఇంక మూడు రోజులు అనుకున్నాడు. కళ్ళ ముందు అనంతమ్మ గేటు తీసుకుని వస్తున్నట్టు కనిపించింది, సంచి ఎడమచేతిలో.

మూడోరోజు పొద్దున మాధవీలత ఇంకో మాట చెప్పింది. "ఆ చెట్టు మీద పిట్టకూ మనకూ తేడా శరీరం వరకే. పిట్ట తింటే మనం తిన్నట్టే." మంచి మాటే. కానీ మధ్యాహ్నం భోజనంలో అందరికీ ఆ మాట గుర్తొచ్చింది. ఒకామె తన విస్తట్లో సగం అన్నం తీసుకెళ్ళి తోట చివర బండ మీద పెట్టింది. ఆమెను చూసి ఇంకొకతను. సాయంత్రానికి బండంతా తెల్లగా మెతుకులు. రుక్కమ్మ సంతోషపడి గుంటలో వేయాల్సింది కూడా బండ మీదే పోసింది.

కుర్మయ్యకు ఆ రాత్రి నిద్ర లేదు. అందరూ ఇంత ప్రేమగా చేస్తున్న పని తప్పని ఎలా చెప్పడం? సైగ వద్దు. రాత వద్దు. ఒక్కడే పోయి బండను ఊడ్చేద్దామనుకున్నాడు. ఊడ్చాడు కూడా, చీకట్లో, మామిడి కొమ్మతో. పొద్దున అందరూ శుభ్రంగా ఉన్న బండను చూసి, పిట్టలన్నీ తినేశాయని మురిసిపోయారు. టిఫిన్ వేళకే ఉప్మా పోశారు.

నాలుగోరోజు పదకొండు దాటింది. అందరూ చాపల మీద. ఎండ ఆకుల సందుల్లోంచి కారుతోంది. కుర్మయ్య కళ్ళు మూసుకోలేదు. బండ మీద ఇరవై దాకా కాకులు, పది కొంగలు. పైన గద్దలు. లెక్కపెట్టాడు. తొమ్మిది. వేడిగాలి ఎక్కి గుండ్రంగా, తీరిగ్గా లేస్తున్నాయి. గద్దకు తొందర లేదు. దానికి ఆకాశం తన చేను.

తూర్పున చిన్న మెరుపు కనిపించింది. విమానం.

అతని చేతులు చాపను పట్టుకున్నాయి. ఒక్క రోజు. ఇవాళ గడిస్తే రేపొక్కరోజు. ఎన్నో విమానాలు ఎన్నో గద్దల పక్కనుంచి ఊరికే పోతాయి, ఇదీ పోతుందేమో. పోకపోతే? మెరుపుకు రెక్కలొచ్చాయి. రెక్కల కింద చక్రాలు దిగాయి. కళ్ళ ముందు అనంతమ్మ సంచి ఎడమచేతిలో పట్టుకుని గేటు దగ్గర ఆగిపోయింది.

కుర్మయ్య లేచాడు.

"హో... హొ హొ హోయ్... హోయ్..."

నాలుగు రోజుల కింద పూడ్చిపెట్టిన గొంతు అది. తోట మొత్తం దాని లోపలికి వచ్చింది. అతను చాపల మధ్యనుంచి పరుగెత్తాడు, కండువా గుండ్రంగా తిప్పుతూ, వడిసెల తిప్పినట్టు. బండ మీది కాకులు లేచాయి, కొంగలు లేచాయి, ఆ గలాటాకు గద్దల గోపురం కదిలి, పగిలి, దక్షిణానికి వాలిపోయింది. వాటి వెనుకే విమానం వచ్చింది. ఖాళీ అయిన ఆకాశంలోంచి, కిటికీల వరస కనిపించేంత కిందుగా, దాటి వెళ్ళిపోయింది.

గుద్దుకునేదో లేదో ఎవరికీ తెలియదు. కుర్మయ్యకూ తెలియదు. పని సరిగ్గా చేస్తే ఎప్పటికీ తెలియదు, అదే ఆ కొలువు.

వెనక్కి తిరిగితే ఇరవైమంది కళ్ళు తెరిచి చూస్తున్నారు. మాధవీలత లేచి నిలబడి ఉంది. చెప్పాల్సినదంతా చెబుదామని నోరు తెరిచాడు. అరిచి అరిచి మూగబోయిందో, నాలుగు రోజుల పస్తుతో సన్నబడిందో, గొంతు అతనిది కానంత మెల్లగా వచ్చింది.

"కోపంతోని కాదు మేడం. ఎరుక చేసిన. గంతే."

బండ గురించి, గుంట గురించి, విమానం దారి గురించి చెప్పాడు. ఎవరూ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పైగా ముందుకు వంగి విన్నారు. బండ మీద మొదట అన్నం పెట్టిన ఆమె తల దించుకుంది.

మాధవీలత ముఖంలో రంగు మారింది. "నేను చూడలేదు, కుర్మయ్యగారూ. పిట్టలు వస్తున్నాయని సంతోషపడ్డానే గాని, తల ఎత్తి చూడలేదు." చీర కొంగు వేలికి చుట్టుకుంది. "కానీ పద్ధతి... మీకోసం మార్చితే రేపు ఇంకొకరికి..."

"నాకు ఎరుకే మేడం. పోత."

"వెళ్ళేముందు ఆ గుంట ఎక్కడ తవ్వాలో రుక్కమ్మకు చూపిస్తారా?"

చూపించాడు. తనే తవ్వాడు. రేకు మూత వేశాడు. "పిట్టలకు పెట్టాల్నంటే గుప్పెడు నూకలు, చెట్టు కింద, నీడల. చిన్నపిట్టలే వస్తయ్. వండినన్నం వద్దు," అన్నాడు.

రుక్కమ్మ మూత ఎత్తి చూసి, దించి, అంది. "మొన్ననే చెప్పొద్దా అయ్యా? ముప్పొద్దులా కండ్లు ఎగరేసుకుంట తిరుగుతుంటివి, పైత్యం చేసిందనుకున్న."

*

చెక్కపెట్టెలోంచి ఫోన్ తీసుకుని రోడ్డెక్కాడు. ఇంటి బస్సు ఒక వైపు, కందుకూరు బస్సు ఒక వైపు. కబురు పెట్టడానికి కబురు లేదు. అయినా కాళ్ళు ఊరుకోలేదు. కందుకూరు బస్సు ముందొచ్చింది.

బస్సులో నిలబడ్డాడు, సీటు ఖాళీగా ఉన్నా. అబద్ధం చెప్పొచ్చా? ఐదు రోజులని చెబితే ఎవరు లెక్కపెట్టుకున్నారు? లోపల ఆ మాటను నాలుగైదు సార్లు అటూ ఇటూ తిప్పి, కిటికీలోంచి బయటకు వదిలేశాడు.

రేణుకమ్మ ఇల్లు వీధి మలుపులో. ఎప్పుడొచ్చినా అతను మలుపు తిరగకముందే "అనంతా" అని కేకేసేవాడు. ఈసారి గేటు దాకా వచ్చి ఆగాడు. వాకిట్లో అనంతమ్మ చాటలో జొన్నలు చెరుగుతోంది. రాలిన నూకల చుట్టూ పిచ్చుకలు. ఏడో, ఎనిమిదో. గంతులేస్తూ, ఆమె కాలివేళ్ళ దాకా వస్తూ.

గేటు తీస్తే కిర్రుమంటుంది. పిలిస్తే లేచిపోతాయి. కుర్మయ్య నిలబడ్డాడు. కుడికాలు ఊగబోయింది, ఎడమకాలుతో తొక్కిపట్టాడు. ఎండ గోడ మీంచి జానెడు కిందికి దిగింది. చాట ఆగింది. చెత్త పారబోయడానికి తల తిప్పిన అనంతమ్మ అతన్ని చూసింది.

"ఎప్పటి సంది నిలబడ్డవ్?"

"జరంత సేపాయె."

"పిలువకపోతివి?"

"తింటున్నయ్ గద."

ఆమె అతని ముఖం చూసింది, తర్వాత పిచ్చుకల్ని, తర్వాత మళ్ళీ అతన్ని.

"ఏడికో పోయినవంట. మొయిజ్ ఫోన్ చేసిండు. ఐదు దినాలు నోరు తెరువనంట." 

"నాలుగే. ఇయ్యాల ఒర్లిన. ఎల్లగొట్టిన్రు."

"ఎవరి మీద ఒర్లినవ్?"

"గద్దల మీద. విమానం దిగుతుండె."

లోపలినుంచి రేణుకమ్మ తొంగిచూసింది. "బావా, నువ్వేనా? గొంతేందట్ల పోయింది? దవాఖానకు పోయినవా?" అంది.

అనంతమ్మ నవ్వాపుకుంది. ఆపుకున్నట్టు అతనికి కనిపించకుండా చాట ఎత్తి పట్టింది. "బండి దొరుకతదా ఈ యాళ్ళకు?" అంది. జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళింది. సంచి తెచ్చింది, ఎడమచేతిలో. సంచి మూతిలోంచి నాలుగు జొన్న కంకులు బయటకు చూస్తున్నాయి.

"ఇవి మీటరు డబ్బా కాడ నువ్వే కట్టాలె."

*

కట్టాడు. ఆ రోజు ఏ పిట్టా రాలేదు. మరునాడు రాలేదు. డ్యూటీ దిగి గేటు దగ్గర బూట్లు విప్పి, ఊపిరి బిగబట్టి, దొంగలా లోపలికొచ్చేవాడు. కంకులు ఎన్ని గింజలతో ఉన్నాయో అన్ని గింజలతోనే ఉండేవి. బతుకంతా పిట్టలు పోవాలని చూసినవాడికి, రావాలని చూడటం ఇంత కష్టమని తెలియదు. మంచం మీద కూర్చోలేడు, లేచి తిరగలేడు. తిరిగితే నీడ పడుతుంది.

"కూసో జర. వస్తె వస్తయ్," అనేది అనంతమ్మ.

తొమ్మిదోనాడు పొద్దున ఏడుగంటల డ్యూటీకి బూట్లు తొడుక్కుంటుంటే, కంకి కొంచెం వంగింది. ఒక్క పిచ్చుక. ఆడది, బూడిదరంగుది. ఒక గింజ పొడిచి, తల పక్కకు వంచి, గుమ్మంలో వంగి ఉన్న మనిషిని ఒక కంటితో చూసింది. కుర్మయ్య ఒక బూటు తొడుక్కుని, ఒకటి చేత్తో పట్టుకుని, అట్లాగే ఉండిపోయాడు. నడుం పట్టేసింది.

వీధి చివర మొయిజ్ బండి చప్పుడు వినిపించింది. వాడు గేటు ముందుకొచ్చి హారన్ కొడతాడు, రోజూ మూడుసార్లు. కుర్మయ్య బూటు కింద పెట్టి, వేళ్ళతో మెల్లగా జేబులోంచి ఫోన్ తీశాడు.

"హారన్ కొట్టకు," అన్నాడు.

"ఎవరు? ఎవరు మాట్లాడేది?"

"నేనేరా."

"కుర్మన్నా? గుసగుస పెడుతున్నవేంది? తబియత్ మంచిగున్నదా?"

"పిట్ట తింటుంది. జర ఆడనే ఆగు."

బండి ఆగింది. "పిట్టలు తోలేటోడు పిట్టకు భయపడి ఇంట్ల కూసున్నడని టవర్‌కు చెప్పాల్నా అన్నా?"

"చెప్పు," అన్నాడు కుర్మయ్య.

వెనుక వంటింట్లో అనంతమ్మ గిన్నెల చప్పుడు ఎప్పుడో ఆపేసింది.